వర్షమాపకము తప్పు చెప్పినప్పుడు

ఈపూరు ప్రాంతపు పెద్దలకు వానకొలత క్రొత్త విషయము కాదు. నాగలి ఎంతలోతు దిగినదో చూచి పదును చెప్పగలవారు మీరు. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు మనుష్యుడు కొలిచి వ్రాసికొను కొలపాత్రను గూడ ఎరుగుదురు. ఇప్పుడు మన రాష్ట్రమున అనేక మండలములలో స్వయంచాలక వాతావరణ కేంద్రములు నెలకొన్నవి. ఇవి మనుష్యుని సాయము లేకయే వానను, వేడిని, గాలిని కొలిచి, ఆ యంకెలను దూరమునకు పంపుచుండును.

ఆ యంకె తప్పినచో నష్టమెవరికి? 2007లో మన దేశమున ఆరంభమైన వాతావరణాధారిత పంటబీమా, చేనిలోని పైరును చూచి పరిహారము కట్టునది కాదు. కేంద్రము పంపిన యంకెను బట్టి కట్టునది. మిరప యెండిపోయినను, వాన చాలినంత కురిసినదని యంకె చెప్పెనేని రైతుమాట చెల్లుట కష్టము.

ఈ వర్షమాపకమున పైన ఒక గరాటు, దాని క్రింద త్రాసువలె ఊగు రెండు చిన్న దొప్పలు ఉండును. ఒకటి నిండగానే ఒరిగి నీటిని పారబోయును, రెండవది పైకి వచ్చును. ఒరిగినప్పుడెల్ల అయస్కాంతమొకటి స్విచ్చిని తాకకయే కదిలించును. యంత్రము ఒక లెక్క వేసికొనును. ఇంతే దీని రహస్యము.

దీనికి వచ్చు జబ్బులలో మొదటిది గరాటు పూడుట. ఆకులు, పక్షిరెట్టలు, సాలెగూళ్ళు, మన వేసవి దుమ్ము: ఏదైనను చాలును. పూర్తిగా మూసికొనిపోయిన, వాన కురిసినను సున్న చూపును. సగము మూసికొనిన జబ్బు ఇంకను మాయదారిది. సాయంకాలము గంటసేపు కురిసిన వానను, తెరపి యిచ్చిన తరువాతగూడ చుక్కచుక్కగా అర్ధరాత్రివరకు కురిసినట్లు వ్రాయును. మొత్తము ఇంచుమించు సరిపోవును గాని వేళ తప్పును. ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు వాన చూపినచో, గాలికి స్తంభము ఊగుచున్నదేమో, తీగ వదులైనదేమో చూడవలయును. ఒక్క ఒరుగుడుకు స్విచ్చి అదరి రెండు లెక్కలు పంపుటయు కలదు.

పరీక్ష సులభము. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లయినచో, 200 మిల్లీలీటర్ల నీరు 10 మిల్లీమీటర్ల వానకు సమానము. దొప్ప ఒరుగుడు అర మిల్లీమీటరయినచో 20 లెక్కలు రావలయును. నీటిని మెల్లగా, అరగంటసేపు పోయుట ముఖ్యము. గుమ్మరించిన, దొప్ప ఒరుగునంతలో కొంత నీరు లెక్కకు రాకయే పోవును. కుండపోత వానలలో ఈ యంత్రము తక్కువ చూపుటకు గూడ ఇదియే హేతువు. కేంద్రపు ఉద్యోగి యెదుటనే ఈ పని చేయవలయును. లేనిచో మీరు పోసిన నీరే వానగా వ్రాయబడును!

వేడి కొలుచు ప్లాటినపు తీగ సంగతి వేరు. సున్న డిగ్రీలయందు దాని నిరోధము 100 ఓములు. డిగ్రీ కొకటికి సుమారు 0.385 ఓము హెచ్చును. రెండు తీగలతోనే కలిపిన కేంద్రమున, త్రుప్పుపట్టిన అతుకొకటి ఒక ఓము చేర్చిన, లేని వేడి రెండున్నర డిగ్రీలకు పైగా కనబడును. అప్పుడు కొలతతీగను విడదీసి, దాని స్థానమున సరియైన 100 ఓముల నిరోధకమును యంత్రము నోటనే తగిలింతురు. సున్న చూపినచో యంత్రము నిర్దోషి. దోషము తీగలోనో అతుకులోనో కలదు.

గంటగంటకు మారక నిలిచిపోయిన అంకెను మాత్రము అసలు నమ్మరాదు. పగటివేడియు రేయిచలియు ఒక్కటిగా నుండుట పల్నాటిలో ఎవరు చూచిరి?