కంప్యూటర్ మొరాయిస్తే కంగారెందుకు?

మామిడి కోతలు మొదలయ్యాయంటే మా ఇంట్లో ఊపిరి సలపదు. మాది బాపులపాడు. కౌలుకు తీసుకున్న తోటలో కూలీల లెక్కలు, ట్రేల లెక్కలు, నున్న మార్కెట్‌కు వెళ్లే లోడు కిరాయిలు అన్నీ నా నెత్తినే. మావారు తోటలో ఉంటే నేను కంప్యూటర్ ముందు. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు, 2013లో కొన్న డెస్క్‌టాప్ అది. వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అది నాకు మిగిలింది.

ఆమధ్య మే నెలలో ఒకరోజు పొద్దున్నే స్విచ్ వేశాను. నల్లటి తెర మీద నాలుగు లైన్ల ఇంగ్లీషు అక్షరాలు వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఆపి మళ్లీ వేశాను. అదే వరస. ఆ సాయంత్రమే కూలీలకు వారం డబ్బులివ్వాలి. ఎవరు ఎన్ని పూటలు వచ్చారో అంతా అందులోనే ఉంది.

ఇంకేం తోచక ఆ పెట్టెను ఆటోలో పెట్టుకుని దగ్గర్లోని పట్నంలో ఒక రిపేరు షాపుకు పరుగెత్తాను. ఆయన రెండు నిమిషాలు చూసి, "మదర్‌బోర్డు పోయేలా ఉందమ్మా. ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం. కాకపోతే బోర్డు మార్చాలి, ఆరు వేలవుతుంది" అన్నాడు.

"ఫార్మాట్ చేస్తే లోపలున్నవి?"

"అన్నీ చెరిగిపోతాయి."

గుండె గుభేలుమంది. మూడేళ్ల తోట లెక్కలు పోతే పోనీ, మళ్లీ రాసుకోవచ్చు. మా అమ్మ పోయే ముందు సంక్రాంతికి తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. "మావారినడిగి చెబుతా" అని పెట్టెను వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ మాట మనకు ఎన్నిసార్లు అక్కరకొస్తుందో!

ముందు చదువు పిన్నీ!

హైదరాబాద్‌లో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేసి, "ఒరేయ్, కంప్యూటర్ పోయిందిరా" అన్నాను.

"పోయిందని ఎవరన్నారు? తెర మీద ఏం రాసుందో అక్షరం పొల్లు పోకుండా చదువు పిన్నీ" అన్నాడు.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్. డిఫాల్ట్స్ లోడెడ్. ప్రెస్ ఎఫ్ 1 టు కంటిన్యూ..."

"మరి ఎఫ్ 1 నొక్కావా?"

నొక్కలేదు. అసలు చదివితే కదా! ఎర్రర్ అన్న మాట కనబడగానే మిగతాది చూడటం మానేశాను. ఎఫ్ 1 నొక్కాను. విండోస్ వచ్చింది. లెక్కలున్నాయి, అమ్మ ఫొటోలున్నాయి. ఆ సాయంత్రం కూలీల డబ్బులు కూలీలకు అందాయి. రాత్రి అన్నం కూడా తినకుండా అన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

మావాడు ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. గడియారం ఏం చూపిస్తోంది? 2012 జనవరి 1. రాత్రి గోడ స్విచ్ కూడా కట్టేస్తావా? కట్టేస్తాను. వేసవిలో ఈదురుగాలులు, పిడుగుల భయం. "అయితే బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది పిన్నీ, అంతే" అని తేల్చేశాడు.

లోపల జరిగేదేమిటి?

స్విచ్ వేయగానే నేరుగా విండోస్ రాదు. ముందు మదర్‌బోర్డు మీదున్న బయోస్ అనే చిన్న ప్రోగ్రాము నిద్ర లేస్తుంది. పొద్దున్నే మనం పాలొచ్చాయా, నీళ్లొచ్చాయా అని చూసుకున్నట్టు అది కీబోర్డు ఉందా, ర్యామ్ ఉందా, డిస్కు ఉందా అని చూసుకుంటుంది. తేదీ, టైము, ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలి లాంటి వివరాలు సీమాస్ అనే చోట దాచుకుంటుంది. దాచినవాటి మొత్తం సరిపోయిందా లేదా అని కూడిక వేసి చూసుకుంటుంది. తేడా వస్తే చెక్‌సమ్ ఎర్రర్ అంటుంది. మన పద్దుల పుస్తకంలో టోటల్ కుదరకపోవడం లాంటిదే.

కరెంటు లేనప్పుడు ఈ వివరాలను కాపాడేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. గోడ స్విచ్ వేసి ఉంటే, కంప్యూటర్ ఆపినా కొద్దిపాటి కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది, బ్యాటరీకి విశ్రాంతి. గోడ స్విచ్ కట్టేస్తే భారమంతా దానిదే. మామూలుగా నాలుగైదేళ్లు వస్తుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. పిడుగులప్పుడు ప్లగ్గు తీయడం మానక్కర్లేదు. బ్యాటరీ తొందరగా అయిపోతుందని గుర్తుంటే చాలు.

1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో ఈ గడియారం లేదు. వేసిన ప్రతిసారీ తేదీ మనమే కొట్టాలి. 1984లో వచ్చిన పీసీ ఏటీ మోడల్‌తో బ్యాటరీ మీద నడిచే గడియారం కలిసొచ్చింది.

ఇదంతా తెలిశాక ఇంకో చిక్కుముడి కూడా విడిపోయింది. అప్పటికి వారం రోజులుగా బ్యాంకు వెబ్‌సైటు తెరిస్తే 'భద్రత లేదు' అని హెచ్చరిక వస్తోంది. నెట్ అబ్బాయిని రెండుసార్లు కేకలేశాను, పాపం. వెబ్‌సైట్లకు ఇచ్చే సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి. నా గడియారం 2012లో ఉంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని కంప్యూటర్ అనుకుంటోంది!

ఇక ఆ ఫార్మాట్ సంగతి. ఈ మెసేజ్ విండోస్ మొదలవకముందే వచ్చేది. దానికి డిస్కు చెరిపేయడమంటే, వీధి తలుపు తాళం పట్టేస్తే బీరువా ఖాళీ చేయడమే.

బిళ్ల మార్చిన వైనం

మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో వాచీల కొట్టుకెళ్లి సీఆర్ 2032 బిళ్ల అడిగాను. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అందుకే ఆ పేరు. యాభై నోటిస్తే చిల్లర కూడా ఇచ్చాడు.

ప్లగ్గు పూర్తిగా తీసేశాను. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాను, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. పెట్టె వెనక రెండు మరలు తిప్పి పక్క రేకు జరిపాను. లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాను. ఒంట్లోని స్టాటిక్ కరెంటు బోర్డుకు తగలకూడదట. బిళ్ల ఎలా ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో నొక్కితే అది పైకి లేచింది. ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది పెట్టాను. స్విచ్ వేసి, డిలీట్ నొక్కి సెటప్‌లోకి వెళ్లి, తేదీ, టైము సరిచేసి, ఎఫ్ 10తో సేవ్ చేశాను. కొన్నిట్లో డిలీట్‌కు బదులు ఎఫ్ 2 ఉంటుంది, ఏది నొక్కాలో తెరే చెబుతుంది. మొత్తం పావుగంట. పనిలో పనిగా హైవే దుమ్మంతా మెత్తటి బ్రష్షుతో దులిపాను.

మీ తెర ఏమంటోంది?

• కీబోర్డు లేదంటే: వైరు ఊడిందేమో చూడండి. 'కీబోర్డు లేదు, ఎఫ్ 1 నొక్కండి' అని కూడా వస్తుంది. నవ్వుకుని, వైరు గుచ్చి, నొక్కండి.

• బూట్ డివైస్ దొరకలేదంటే: పెన్‌డ్రైవ్ పెట్టి మరిచిపోయారేమో తీసి చూడండి. అయినా అదే వస్తే డిస్కు వైరు వదులై ఉండొచ్చు. డిస్కు టకటకమంటుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ముందు లోపలి ఫైళ్లు కాపీ తీయించండి, రిపేరు తర్వాత.

• తెర నల్లగా ఉండి బీప్ బీప్ మంటుంటే: ఎక్కువగా ర్యామ్ వదులవడం వల్లే. ప్లగ్గు తీసి, ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి.

• ఫ్యాన్ ఎర్రర్ వస్తే: ఫ్యాను తిరగడం లేదేమో, దుమ్ము పట్టిందేమో చూడాలి. అలాగే వాడితే వేడెక్కిపోతుంది.

• బిళ్ల అయిపోయిందని అనుమానమా: ఒక రాత్రి కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ మాత్రం వేసి ఉంచండి. పొద్దున మెసేజ్ రాకపోతే దోషం బిళ్లదే.

ఇవి మరవొద్దు

కరెంటు వైరు గుచ్చే పవర్ సప్లై డబ్బాను ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

పాత బిళ్లకు టేపు చుట్టి, పిల్లలకు అందనిచోట పెట్టండి. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. మింగారన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మిక్సీ తిరక్కపోతే ఫ్యూజు చూస్తాం, కుక్కరు కూత వేయకపోతే గాస్కెట్ చూస్తాం. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికే 'మనకేం తెలుసులే' అనుకుంటాం. నిజానికి తన జబ్బేమిటో తెర మీద రాసి చూపించే వస్తువు ఇంట్లో అదొక్కటే. ఈసారి ఆగిపోతే ఆ నాలుగు లైన్లూ ఒక కాగితం మీద రాసుకోండి, షాపు సంగతి తర్వాత చూద్దురుగాని.