వెలిగండ్ల మీదుగా విమానం లెక్క

కడప నుంచి విజయవాడకు మ్యాపు మీద గీత గీస్తే అది కనిగిరికి కాస్త తూర్పుగా, వెలిగండ్ల అనే ఊరికి ఎంతో దూరం కాకుండా పోతుంది. రెండు విమానాశ్రయాల మధ్య ఆ గీత పొడవు సుమారు 310 కిలోమీటర్లు. కొండలూ ఊళ్లూ చుట్టి వచ్చే రోడ్డు దారి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ.

ఇలాంటి చిన్న మార్గాల్లో ఎక్కువగా తిరిగేది పంకాలతో నడిచే ఏటీఆర్ విమానం. దాని వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. భాగిస్తే నలభై నిమిషాల లోపే తేలుతుంది. మరి టైంటేబుల్లో గంటకు పైగా ఎందుకు?

ఆ సమయం విమానం నిలిచిన చోటు నుంచి కదలడంతో మొదలై, అవతల ఆగడంతో ముగుస్తుంది. రన్‌వే దాకా నేల మీద కదలడం, పైకెక్కడం, గాలివాటం చూసి దిగడం అన్నీ అందులోవే. చిన్న ప్రయాణంలో పూర్తి వేగంతో ఎగిరేది కొద్దిసేపే.

ఇలాంటి చిన్న మార్గాల కోసం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప-హైదరాబాద్ సర్వీసు మొదలైంది.

అయినా వెలిగండ్ల వాసికి కడప విమానాశ్రయం నేరుగా కొలిచినా వంద కిలోమీటర్ల పైనే. గాల్లో గడిపే సమయం కంటే విమానం దగ్గరికి చేరే సమయమే ఎక్కువ.