నివురు కప్పిన నిప్పు: ఊపిరితిత్తుల శోథను చూపే పెట్ స్కాన్

పొడిదగ్గు అనగానే మన ఇళ్ళలో మిరియాల కషాయం, అడ్డసరం, తేనె గుర్తుకు వస్తాయి. సాధారణమైన దగ్గుకు ఇవి ఉపశమనం కలిగిస్తాయి. అయితే రెండు వారాలు దాటిన దగ్గును వంటింటి మందులకు వదలరాదు. ఈ మాట నా పొరపాటు నుండి నేర్చుకొని వ్రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం నలభై అయిదేళ్ళ ఉపాధ్యాయిని ఒకరు పొడిదగ్గుతో నా వద్దకు వచ్చారు. వాతకాసగా భావించి తాలీసాది చూర్ణం, వాసా లేహ్యం ఇచ్చాను. రెండు నెలలకు దగ్గు కొంత తగ్గింది. ఆయాసం మాత్రం పెరిగింది. "డాక్టరుగారూ, పాఠం చెబుతుంటే మధ్యలో ఊపిరి చాలడం లేదండీ" అన్నారామె. దగ్గు తగ్గిందని తృప్తిపడి, ఆయాసాన్ని ఉపేక్షించానని అప్పుడు గ్రహించాను.

వెంటనే ఊపిరితిత్తుల నిపుణుని వద్దకు పంపాను. ఎక్స్‌రేలో ఛాతీ మధ్యభాగాన గ్రంథులు ఉబ్బి కనిపించాయి. కఫంలో క్షయ క్రిములు లేవు. పెట్-సీటీ స్కాన్ తీయగా, ఛాతీలోని గ్రంథులతోపాటు మెడ మొదట్లో ఒక చిన్న గ్రంథి కూడా వెలుగుతూ కనిపించింది. సులభంగా అందే ఆ గ్రంథి నుండి ముక్క తీసి పరీక్షించగా వ్యాధి సార్కాయిడోసిస్ అని తేలింది.

ఈ పరీక్షలో ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థాన్ని జోడించిన గ్లూకోజును రక్తనాళంలోకి ఎక్కిస్తారు. శోథ ఉన్నచోట చేరిన కణాలు గ్లూకోజును అధికంగా గ్రహిస్తాయి. సుమారు గంట తరువాత యంత్రం ఆ చోట్లను చిత్రిస్తుంది. ఫ్లోరిన్-18 ధార్మికత దాదాపు 110 నిమిషాలకు సగమవుతుంది. పూర్వం గాలియం-67తో చేసే స్కాన్‌కు రెండు మూడు రోజులు వేచి ఉండవలసి వచ్చేది.

సుశ్రుతాచార్యులు వ్యాధి వికాసాన్ని సంచయం, ప్రకోపం, ప్రసరం, స్థానసంశ్రయం, వ్యక్తి, భేదం అని ఆరు దశలుగా చెప్పారు. ఎంత ముందు గుర్తిస్తే చికిత్స అంత సులభమన్నది అందులోని సారం. స్కాన్ దోషాలను చూపదు. అయినా ఉద్దేశం అదే. సీటీ అవయవ స్వరూపంలోని మార్పును చూపితే, పెట్ లోపల రగులుతున్న నిప్పును చూపుతుంది. ఊపిరితిత్తి గట్టిపడి మచ్చకట్టిన తరువాత ఆ భాగం తిరిగి మామూలు కావడం కష్టం. అందుకే రగులుతున్న దశలో గుర్తించడం ముఖ్యం.

అయితే క్షయ, క్యాన్సర్, న్యుమోనియా కూడా ఈ స్కాన్‌లో ఇలాగే వెలుగుతాయి. కనుక వెలుగును చూసి వ్యాధిని నిర్ణయించరాదు. చాలాసార్లు ముక్క పరీక్ష అవసరమవుతుంది. దగ్గు వచ్చిన ప్రతివారికీ ఇది అక్కరలేదు. కఫ పరీక్ష, ఎక్స్‌రే, శ్వాస సామర్థ్య పరీక్ష, అవసరమైతే హెచ్‌ఆర్‌సీటీ ముందు చేయించవలెను.

స్కాన్‌కు ముందు నాలుగు నుండి ఆరు గంటలు ఉపవాసముండాలి, మంచినీళ్ళు త్రాగవచ్చును. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయాన్ని తప్పక ముందుగా తెలుపవలెను.

ఆ ఉపాధ్యాయినికి నిపుణులు స్టెరాయిడ్లు ఇచ్చారు. వాటిని ఒక్కసారిగా మానరాదని నేనూ గట్టిగా చెప్పాను. నా చూర్ణాన్ని నిలిపివేసి, లఘ్వాహారం, దుమ్ము పొగలకు దూరంగా ఉండటం మాత్రమే సూచించాను. కొన్ని నెలలకు ఆమె తిరిగి పాఠశాలకు వెళ్ళారు.

దగ్గుతోపాటు ఆయాసం, బరువు తగ్గుట, రక్తం పడుట వంటివి ఉన్నచో ఇంటి మందులతో కాలయాపన చేయరాదు. వైద్యుని పద్ధతి ఏదైనా, సకాలంలో నిపుణుని వద్దకు పంపడం కూడా చికిత్సలో భాగమే.