షోరీల్‌కు ఏ సాఫ్ట్‌వేరు మేలు?

చేయబోయే పనిని బట్టే ఎంపిక.. ఉచితంగా లభించేవీ ఉన్నాయి

రాజమహేంద్రవరం: ఆంధ్రదేశంలో తొలి సినిమా స్టూడియో దుర్గా సినీటోన్ 1936లో వెలసింది రాజమండ్రిలోనే. నేడు గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లు, ఉత్సవాల చిత్రీకరణతో పని నేర్చిన యువకులు పలువురు హైదరాబాదు స్టూడియోల్లో ఎడిటర్లుగా, గ్రాఫిక్స్ కళాకారులుగా స్థిరపడాలని ఆశిస్తున్నారు. అక్కడ ధ్రువపత్రం కన్నా ముందు చూసేది షోరీల్. చేసిన పనుల్లో మేలైనవి ఏరి కూర్చిన ఒకటి, ఒకటిన్నర నిమిషాల వీడియో ఇది. దీనికోసం తొందరపడి సాఫ్ట్‌వేరు కొంటే వేలాది రూపాయలు వృథా అయ్యే ప్రమాదముంది.

రెండు పనులు.. రెండు పనిముట్లు

దృశ్యాలను కత్తిరించి వరుసగా పేర్చడం ఎడిటింగు. అక్షరాలకు, చిహ్నాలకు, బొమ్మలకు కదలిక కల్పించడం మోషన్ గ్రాఫిక్స్. పెళ్లి వీడియోల్లో చిరకాలంగా వాడుకలో ఉన్న ఎడియస్ మొదటి పనికి చక్కగా సరిపోతుంది. రెండో పనికి స్టూడియోల్లో ఎక్కువగా వాడేది అడోబి సంస్థ ఆఫ్టర్ ఎఫెక్ట్స్. అదే సంస్థ ఎడిటింగు సాఫ్ట్‌వేరు ప్రీమియర్‌తో ఇది సులువుగా కలిసి పనిచేస్తుంది. అయితే రెండింటికీ చందా కడుతూనే ఉండాలి. చందా ఆగితే పాత ప్రాజెక్టులను తెరిచి సవరించడం కుదరదు.

ఖర్చు లేని మార్గం

చందా భారమనుకునేవారికి డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం ఉంది. ఎడిటింగు, రంగుల సవరణ, శబ్దం పనులతోపాటు మోషన్ గ్రాఫిక్స్‌కు ఉపకరించే ఫ్యూజన్ విభాగం 2018 నుంచి ఇందులోనే లభిస్తోంది. ఖరీదైన రూపానికే పరిమితమైన ఎఫెక్టులు వాడితే మాత్రం తెరపై ముద్ర పడుతుంది. దీనికి మంచి గ్రాఫిక్స్ కార్డు కూడా అవసరం. త్రీడీ పనులకు బ్లెండర్ పూర్తిగా ఉచితం. దానితో రూపొందిన 'ఫ్లో' 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది.

తెలుగు అక్షరాలతో జాగ్రత్త

వత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిన టైటిల్ ఒక్కటి ఉన్నా షోరీల్ విలువ పడిపోతుంది. ప్రీమియర్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కు మార్చుకుంటే యూనికోడ్ తెలుగు సరిగా వస్తుంది. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఏ సాఫ్ట్‌వేరునైనా ఎంచుకునే ముందు 'స్త్రీ', 'రాజ్యలక్ష్మి' వంటి పదాలు టైపు చేసి చూడటం ఉత్తమం.

దొంగ కాపీతో చిక్కులు

దొంగ కాపీల వెంట వైరస్‌లు చొరబడి ఫుటేజీ మొత్తం పోవచ్చు. అంతేకాదు, 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షను కింద తెలిసీ ఇలాంటి సాఫ్ట్‌వేరు వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఇవి మరువరాదు

* చేరదలచిన స్టూడియోలో ఏది వాడుతున్నారో ముందుగా తెలుసుకోవాలి.

* అన్నిటికన్నా మేలైన దృశ్యాన్ని ఆరంభంలోనే ఉంచాలి.

* బృందంతో చేసిన పనిలో తన వంతు ఎంతో స్పష్టంగా రాయాలి.

* అనుమతి లేని సినిమా పాటలు వాడరాదు. పెళ్లి దృశ్యాలకు ఆ కుటుంబం సమ్మతి తీసుకోవాలి.

* తుది వీడియోను, మూల ఫుటేజీని రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచాలి.