సిగరెట్ తాగితే చక్కెర తిన్నట్టు కాదు కదా, మరి షుగర్ ఎందుకు పెరుగుతుంది?

పోయిన ఎపిసోడ్‌లో షుగర్ గురించి చెబుతూ అన్నం, చపాతీ, కరక్ చాయ్ దగ్గరే ఆగిపోయాను. అది విని ముసఫ్ఫా క్యాంపు నుంచి ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. "తమ్మీ, రాత్రి అన్నం బంద్ జేసిన. చాయ్‌ల చక్కెర బంద్ జేసిన. అయినా పొద్దున పరగడుపున 180 దిగుతలేదు. సిగరెట్లు మాత్రం రోజుకు ఒక డబ్బా. దాంట్ల చక్కెర ఉండదు గదా?"

షుగర్ పెరగడానికి చక్కెర నోట్లోంచే రానక్కర్లేదు. నేను డాక్టర్ని కాదు. తెలుసుకున్నది మీకు చెబుతున్నా, అంతే. ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకనివాళ్ళు ఇది చదువుకోండి.

ఒంట్లో జరిగేది ఇదీ

కుక్క వెంటపడితే గుండె దడదడ కొట్టుకుంటుంది చూడండి, అది అడ్రినలిన్ పని. పరిగెత్తడానికి బలం కావాలని కాలేయం తనలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. నికోటిన్ కూడా అదే అడ్రినలిన్‌ను లేపుతుంది. తేడా ఏంటంటే, కుక్క తరిమితే మనం పరిగెత్తి ఆ చక్కెరను ఖర్చు చేస్తాం. సిగరెట్ తాగేటప్పుడు బఖాలా పక్కన నిలబడి ఉంటాం.

రెండోది ఇన్సులిన్. రక్తంలోని చక్కెర కణాల్లోకి వెళ్ళాలంటే తలుపు తీసేది అదే. నికోటిన్ వల్ల ఆ తాళంచెవి సరిగ్గా తిరగదు. చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. పైగా పొగ తాగేవాళ్ళు సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, అది ఇన్సులిన్‌ను ఇంకా మొండి చేస్తుంది.

అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక ప్రకారం పొగ తాగేవాళ్ళకు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తాగనివాళ్ళకంటే 30 నుంచి 40 శాతం ఎక్కువ. ఎన్ని ఎక్కువ తాగితే అంత ఎక్కువ.

బీడీ, ఖైనీ, వేప్ అయితే?

నిజామాబాద్, జగిత్యాల వైపు మన ఇళ్ళల్లో అమ్మలు, అక్కలు బీడీలు చుట్టి సంసారం నడిపారు. అందుకే బీడీ అంటే మనకు చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ బీడీలో ఉన్నదీ నికోటినే. ఖైనీ అయితే చిగుళ్ళ నుంచి రక్తంలోకి దిగుతుంది. వేప్‌లో పొగాకు కాలదు గానీ నికోటిన్ ఉంటుంది. ఇక్కడి కుర్రాళ్ళు చిన్న పైపులో పీల్చే దోఖా అయితే ఒక్క దమ్ముకే తల తిరిగేంత ఘాటు.

డ్యూటీలో జాగ్రత్త

మనలో చాలామంది ఆకలి చంపడానికి సిగరెట్ వెలిగిస్తాం. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు అలా తిండి మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, కళ్ళు తిరుగుతాయి. జూలై ఎండలో అందరికీ చెమటే కాబట్టి పక్కవాడికి తెలియదు. స్కాఫోల్డింగ్ మీద ఉన్నవాడికి అది ప్రాణం మీదికి వస్తుంది. జేబులో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోండి. మీకు షుగర్ ఉందని పక్కన పనిచేసే ఒకరికైనా చెప్పండి.

ఇంకోటి కాళ్ళు. షుగర్ నరాల స్పర్శను తగ్గిస్తుంది, నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. సేఫ్టీ షూ ఒరిసి పుండైతే నొప్పి తెలియదు, తొందరగా మానదు. రూముకొచ్చాక రోజూ అరికాళ్ళు చూసుకోండి.

రిపోర్టు చదవడం

ఇక్కడ రిపోర్టులో 7 అని ఉంటే "ఇంత తక్కువా" అనుకోకండి. అది వేరే కొలత. 18తో గుణిస్తే మన ఊరి లెక్క వస్తుంది: 126. పరగడుపున అంత ఉన్నా, అంతకు మించినా షుగర్ ఉన్నట్టు లెక్క, డాక్టర్ మళ్ళీ పరీక్ష చేసి ఖాయం చేస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 6.5 దగ్గర గీత.

షుగర్ బయటపడితే వీసా పోతుందని దాచేవాళ్ళున్నారు. వీసా మెడికల్‌లో ప్రధానంగా చూసేది టీబీ, హెచ్‌ఐవీ లాంటి అంటురోగాలు. షుగర్ అంటురోగం కాదు. దాచి మందు మానేయడమే ప్రమాదం.

మానేస్తే

నేనూ తొమ్మిదేళ్ళు తాగి మానినవాణ్ణే. మొదటి నెల స్వీట్ల మీదికి మనసు పోయింది, బరువు పెరిగాను. ఆ రోజుల్లో షుగర్ కాస్త పెరగొచ్చు, భయపడి మళ్ళీ మొదలుపెట్టకండి. ఎనిమిది వారాలు దాటేసరికి ఇన్సులిన్ మెరుగ్గా పనిచేయడం మొదలవుతుంది. అందుకే మందు డోసు తగ్గించాల్సి రావచ్చు. మానే ముందే డాక్టర్‌కు చెప్పండి. నికోటిన్ చూయింగ్ గమ్‌లోనూ నికోటిన్ ఉంటుంది, కానీ పొగ ఉండదు. కొన్నాళ్ళ ఆసరాగా డాక్టర్‌ను అడిగి వాడొచ్చు. పొగ మానితే టైప్ 2 షుగర్ ముప్పు 30 నుంచి 40 శాతం తగ్గుతుందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మెసేజ్ పెట్టిన అన్నా, నీ 180కి సిగరెట్టే కారణమని నేను అనను. నిద్ర, మాత్రల టైము, ఇంకా ఏవేవో ఉంటాయి. ఒక వారం పాటు ఏం తిన్నావు, ఎన్ని సిగరెట్లు తాగావు, మీటర్ ఎంత చూపించింది, మూడూ ఒక కాగితం మీద రాయి. శుక్రవారం క్లినిక్‌కు వెళ్తే ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టు. సిగరెట్ల సంఖ్య మాత్రం తగ్గించి చెప్పకు.