అర లీటరు సీసాలో నత్రజని ఎంత?

2025 ఖరీఫ్‌లో తెలంగాణలో యూరియా కోసం రైతులు సహకార సంఘాల ముందు చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాశారు. బస్తా దొరకకపోతే నానో యూరియా వాడమన్న సలహా ఆ రోజుల్లో గట్టిగానే వినిపించింది. ఆ సలహా వెనక ఉన్న విజ్ఞానం ఏమిటో, అందులో లెక్క ఎంతవరకు కుదురుతుందో రైతుకు తెలియాలి.

ఇఫ్కో సంస్థ 2021లో నానో యూరియాను మార్కెట్‌లోకి తెచ్చింది. 500 మిల్లీలీటర్ల సీసా ఒకటి 45 కిలోల యూరియా బస్తాకు సమానమని చెప్పింది. 2022 మే నెలలో గుజరాత్‌లోని కలోల్‌లో దీని కర్మాగారం మొదలైంది.

సీసా వెనకున్న ఆలోచనకు ఆధారం ఉంది. పొలంలో చల్లిన యూరియా నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ వల్ల అమ్మోనియంగా మారుతుంది. అందులో కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేట్‌గా మారి నీటితోపాటు వేళ్లకు అందనంత లోతుకు దిగిపోతుంది. మురుగు నిలిచే మడిలోనైతే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను వాయువుగా మార్చి పైకి వదిలేస్తుంది. వరిలో మనం వేసిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. నేల మీద చల్లడం మాని, 20 నుంచి 50 నానోమీటర్ల కణాలుగా ఆకు మీదే పిచికారీ చేస్తే పత్రరంధ్రాల గుండా నేరుగా లోపలికి వెళ్తుందని, వృథా తగ్గుతుందని తయారీదారుల వాదన.

ఇప్పుడు లెక్క చూద్దాం. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. మొదట వచ్చిన నానో యూరియాలో నత్రజని 4 శాతం. అర లీటరులో అది 20 గ్రాములు. తేడా వెయ్యి రెట్లు. బస్తాలో మూడింట రెండు వంతులు వృథా అయినా పైరుకు దాదాపు 7 కిలోలు దక్కుతాయి. సీసాలో ఒక్క చుక్క వృథా కాకపోయినా దక్కేది 20 గ్రాములే. 2024లో వచ్చిన నానో యూరియా ప్లస్‌లో నత్రజని 20 శాతానికి పెరిగింది. అప్పటికీ సీసాకు 100 గ్రాములే.

ఆకు మీద పిచికారీ మన రైతుకు కొత్త కాదు. లీటరు నీటికి 20 గ్రాముల మామూలు యూరియా కలిపి 2 శాతం ద్రావణం కొట్టడం ఏనాటి నుంచో ఉంది. ఎకరాకు 200 లీటర్లు కొడితే 4 కిలోల యూరియా, అంటే 1.8 కిలోల నత్రజని ఆకు మీద పడుతుంది. టన్ను ధాన్యం పండాలంటే వరి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరాకు 25 క్వింటాళ్లు ఆశించే రైతు ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

పొలంలో ఫలితాల మాటేమిటి? వేలాది పొలాల్లో పరీక్షించామని, దిగుబడి సగటున 8 శాతం పెరిగిందని ఇఫ్కో చెబుతోంది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లపాటు చేసిన ప్రయోగంలో ఫలితం వేరుగా వచ్చింది. సగం యూరియా తగ్గించి నానో యూరియా కొట్టిన మళ్లలో వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21 శాతం పైగా తగ్గాయి. గింజలో ప్రోటీన్ కూడా పడిపోయింది. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇద్దరు 2023లో ఈ ఉత్పత్తి గురించిన వాదనలను తీవ్రంగా ప్రశ్నించారు.

అయినా సీసా వాడి, సగం యూరియా మానేసి, దిగుబడి తగ్గలేదనే రైతులు ఉంటారు. వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. అవసరానికి మించి యూరియా వేసే అలవాటున్న పొలంలో సగం తగ్గించినా పైరు కుంగదు. నేలలోని సేంద్రియ పదార్థం కూడా ఒకటి రెండు పంటలకు లోటు పూడుస్తుంది. ఆ మంచి పేరు సీసాకు పోతుంది. నేలలోని నిల్వ మాత్రం ఏటా కొంత తరుగుతుంది.

యూరియా ఆదా చేసే దారులు వేరే ఉన్నాయి. వేపపూత నత్రజని మార్పును నెమ్మదింపజేస్తుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ ఆ పూత తప్పనిసరి. దమ్ముకు ముందు జీలుగ, జనుము కలియదున్నితే నేలకు నత్రజని చేరుతుంది. ఇక ఆకు రంగు పట్టిక చవకైన ప్లాస్టిక్ ముక్క. లేత పసుపుపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా దాని మీద వరుసగా గళ్లుంటాయి. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టి వారం పది రోజులకోసారి మడిలో పది దుబ్బులు ఎంచుకోవాలి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తుంచకుండా, ఎండ పడకుండా మన నీడలో ఉంచి, దాని నడిమి భాగాన్ని పట్టిక మీద ఆనించి చూడాలి. పదింటిలో ఆరు ఆకులు రకాన్ని బట్టి 3 లేదా 4వ గడి కంటే పాలిపోయి ఉంటేనే యూరియా వేయాలి. లేకపోతే ఆగాలి.

కొత్తది ఏదైనా ముందు మూడు చిన్న మళ్లలో పరీక్షించాలి. ఒకదానిలో పూర్తి యూరియా, రెండోదానిలో సగం యూరియాతోపాటు సీసా, మూడోదానిలో సగం యూరియా మాత్రమే. ఈ మూడో మడి లేని ప్రదర్శన క్షేత్రంలో ఎంత మంచి దిగుబడి చూపించినా అది సీసా గొప్పదనానికి రుజువు కాదు. అమ్మడానికి వచ్చినవాళ్లను, సిఫారసు చేసే అధికారులను ఆ మూడో మడి చూపించమని అడిగే హక్కు డబ్బు పెట్టే రైతుకు ఉంది.