సోలార్ ప్యానెల్‌కు వయసు ఎక్కడ పడుతుంది?

సోలార్ ప్యానెల్‌లో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. అరిగిపోయే బేరింగు లేదు, పోయాల్సిన నూనె లేదు. అయినా దానికీ వయసు మీద పడుతుంది. ఎక్కడ పడుతుందో తెలిస్తే పాత ప్యానెల్‌లో ఏది బాగవుతుందో, ఏది కాదో తేలిపోతుంది.

1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డేరిల్ చేపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ తమ సిలికాన్ సోలార్ సెల్‌ను లోకానికి చూపించారు. మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని అది కరెంటుగా మార్చింది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో పైకెళ్లిన సెల్స్ 1964 దాకా దాని రేడియోను నడిపాయి. అంతరిక్షంలో లేని వాన, తేమ, దుమ్ము నేల మీద ఉన్నాయి. పైగా సెల్ చాలా పెళుసు. అందుకే ముందు గాజు, వెనక ప్లాస్టిక్ షీటు పెట్టి, మధ్యలో సెల్స్‌కు రెండువైపులా ఈవీఏ అనే పారదర్శక ప్లాస్టిక్ పరిచి, వేడిచేసి ఒత్తే పద్ధతి స్థిరపడింది. ప్యానెల్‌ను దశాబ్దాలు బతికించేది ఈ అతుకే. లోపల ఒక సెల్ పోతే తీసి మార్చనివ్వనిదీ ఈ అతుకే.

ఆ ఈవీఏ పొర ఎంత కీలకమో కాలిఫోర్నియాలోని కరిజో మైదానం చూపించింది. 1980 దశకం తొలినాళ్లలో ఆర్కో సోలార్ కంపెనీ అక్కడ సుమారు 5 మెగావాట్ల కేంద్రం కట్టింది. ఎండ మరింత పడాలని ప్యానెళ్ల పక్కన అద్దాలు బిగించింది. కరెంటుతో పాటు వేడీ పెరిగింది. ఈవీఏ గోధుమరంగుకు తిరిగి, సెల్‌కు చేరే వెలుతురు తగ్గింది. 1990 దశకంలో కేంద్రాన్ని విప్పి ప్యానెళ్లను అమ్మేశారు. కరెంటు లైను లేని మారుమూల ఇళ్లవాళ్లు వాటిని చవగ్గా కొని వాడుకున్నారు. కేంద్రానికి పనికిరానివి ఇంటికి పనికొచ్చాయి.

అదే కంపెనీ ప్యానెళ్లు 1982లో స్విట్జర్లాండ్‌లోని లుగానోకూ వెళ్లాయి. అక్కడ అద్దాలు లేవు, అతుకు పొర కూడా వేరే ప్లాస్టిక్. 35 ఏళ్ల తర్వాత కొలిస్తే సగానికి పైగా ప్యానెళ్లు మొదటి సామర్థ్యంలో 80 శాతానికి మించి ఇస్తున్నాయి.

పాత ప్యానెల్ ఇంటికొస్తే ముందు గాజు, వెనక షీటు, వైర్లు చూడాలి. ఆ తర్వాత మంచి ఎండలో మల్టీమీటర్‌తో రెండు కొలతలు తీసుకోవాలి: ఏమీ తగిలించకుండా వోల్టేజీ, రెండు కొసలు కలిపితే పారే కరెంటు. మీటరు ఆ కరెంటును తట్టుకునేదై ఉండాలి. కొలతలను వెనక అతికించిన లేబుల్ అంకెలతో పోల్చుకోవాలి. వోల్టేజీ ఒక్కటే చూసి మురిసిపోకూడదు. లోపలి టంకం దెబ్బతిన్న ప్యానెల్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు నిండు వోల్టేజీ చూపి, లోడు పెట్టగానే పడిపోతుంది.

72 సెల్స్ ప్యానెల్ మామూలుగా 45 వోల్టుల దాకా ఇవ్వాలి. 30 దగ్గరే ఆగిందంటే మొదట అనుమానించాల్సింది వెనక జంక్షన్ బాక్స్‌లోని డయోడ్‌ను. అందులో సాధారణంగా మూడు డయోడ్లుంటాయి. నీడ పడిన సెల్స్ వరసను పక్కనబెట్టి కరెంటును దాటించడం వాటి పని. ఒకటి షార్టయితే మూడో వంతు సెల్స్ ఉండీ లేనట్టే. మూత తెరుచుకునే బాక్స్ అయితే అదే రేటింగు డయోడ్ పెట్టి టంకం వేసి, తేమ చొరకుండా మూత బిగించవచ్చు. తుప్పు పట్టిన కనెక్టరు, ఎండకు పగిలిన వైరు కూడా మార్చదగినవే. పగిలిన గాజు, కాలిన సెల్, పొరలు విడిపోయిన ప్యానెల్ ఇంట్లో బాగయ్యేవి కావు. గాజు మీద ఏదో పూసి వాడుకోవడం ప్రమాదం. తడిస్తే షాక్ కొట్టవచ్చు.

ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపే స్విచ్ లేదు. పని మొదలుపెట్టే ముందు మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పాలి. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ తేలిగ్గా ఆరిపోతుంది. డీసీలో ఆ విరామం లేదు, రవ్వ మంటై సాగుతుంది. ఇన్వర్టరుకు వరసగా కలిపిన మేడ మీది ప్యానెళ్లలో వందల వోల్టులుంటాయి. వాటిని శిక్షణ పొందినవాళ్లే ముట్టుకోవాలి.

ఇక బాగుకానిదాన్ని చెత్తకుప్పలో పడేయకూడదు. దాని టంకంలో సీసం ఉండొచ్చు. మన దేశంలో 2022 ఇ-వ్యర్థాల నియమాలు సోలార్ ప్యానెళ్లనూ తమ పరిధిలోకి తెచ్చాయి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వాటిని అప్పగించాలి. అంతకుముందు ఒకసారి కొలిచి చూడాలి. చిన్న డయోడ్ పోయినందుకు అంత పెద్ద ప్యానెల్‌ను పారేయడం అన్యాయం. తయారీదారులు కూడా ప్రతి జంక్షన్ బాక్స్‌నూ తెరిచి, డయోడ్ మార్చి, మళ్లీ మూసే వీలుండేలా చేయాలి. ఇవాళ మన మేడల మీద, పొలాల్లో బిగిస్తున్న ప్యానెళ్లు పాతబడే రోజుకు ఆ ఒక్క సౌకర్యం ఎన్నింటికో మరికొన్నేళ్ల ఆయుష్షు పోస్తుంది.